ఓర్క్ ఒంటి పచ్చ, కోరల తెలుపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫాంటసీ ఆటల్లో గొడ్డళ్లు పట్టుకుని మీదికి ఉరికే కోరల మూకలే ఓర్క్‌లు. వాటి చిన్న బొమ్మలకు రంగులు వేస్తున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఏడింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. బొమ్మ 28 నుంచి 32 మిల్లీమీటర్ల కొలతదనీ, రంగు నీళ్లలో కలిసే అక్రిలిక్ అనీ అనుకుని చదవండి.

ప్రశ్న: నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) మీద సీసాలోని ఆకుపచ్చను నేరుగా వేశాను. వెలుగు పడే చోట్ల అదే పచ్చలో తెలుపు కలిపి వేశాను. ఓర్క్ కాస్తా పిప్పరమెంటు బిళ్లలా తయారైంది. పొరపాటు ఎక్కడ జరిగింది? (వరంగల్)

జవాబు: పొరపాటంతా తెలుపుతోనే వచ్చింది. టైటానియం తెలుపు కలిపితే రంగు లేతబడటమే కాదు, అందులోని వెచ్చదనం కూడా పోతుంది. సుద్ద పూసినట్టు మొద్దుబారుతుంది. గోధుమలో కొంత చెల్లుతుంది కానీ పచ్చలో వెంటనే బయటపడుతుంది. వెనక నుంచి ఎండ పడుతున్న అరిటాకును చూడండి. వెలుగు ఉన్నచోట ఆకు తెల్లబడదు, పసుపుకు తిరుగుతుంది. మడత లోపల నల్లబడదు, నీలానికి తిరుగుతుంది. ఓర్క్ చర్మానికీ ఇదే దారి.

మేం చెప్పే పాళ్లు ఇవి. మూల రంగుకు క్రోమియం ఆక్సైడ్ పచ్చ 4 పాళ్లు, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) 1 పాలు. నీడకు మూల రంగు 3 పాళ్లలో వంకాయ రంగు 1 పాలు. మొదటి వెలుగుకు మూల రంగు 2 పాళ్లు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) 1 పాలు. రెండో వెలుగుకు ఆ మిశ్రమంలోనే ఎముక రంగు కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోవాలి. ఎముక రంగంటే తెలుపు 3 పాళ్లకు ఓకర్ 1 పాలు. దీన్ని దాదాపు అచ్చంగా వాడాల్సింది మూడే మూడు చోట్ల: కనుబొమ గట్టు, ముక్కు దూలం, పిడికిలి కణుపులు. అంతకు మించితే మళ్లీ పిప్పరమెంటే.

క్రోమియం ఆక్సైడ్ దొరకక థాలో పచ్చతో పని కానిస్తుంటే ఒక జాగ్రత్త. అది మహా ఘాటు రంగు. గుండుసూది తలంత వేసినా చెంచాడు ఓకర్‌ను తనవైపు లాగేసుకుంటుంది. అందుకని ఓకర్‌లో పచ్చ కలపండి, పచ్చలో ఓకర్ కలపబోకండి. రెండోలా మొదలెడితే కావలసిన రంగు వచ్చేసరికి పాలెట్ నిండిపోతుంది.

పలచన సంగతి. రంగు 1 పాలుకు నీళ్లు 1 పాలుతో మొదలుపెట్టి, వేలిగోరు మీద ఒక గీత గీసి చూడండి. గీత కారకుండా నిలవాలి, కింద గోరు కొద్దిగా కనబడాలి. ఇలాంటి పొరలు రెండు వేస్తే కప్పుతుంది. మొదటి పొర పూర్తిగా ఆరకముందే రెండోది వేస్తే కుంచె కింది రంగును చీల్చుకుని లేస్తుంది. చర్మం గరుకుగా కనబడటానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక పచ్చకు ప్రాణం పోసేది ఎరుపు. ఎర్ర రంగు 1 పాలుకు గ్లేజ్ మీడియం (రంగును పలచన చేసే, రంగులేని ద్రవం) 7 లేదా 8 పాళ్లు కలిపి ముక్కు కొన, చెవుల అంచులు, మోచేతులు, వేళ్ల కణుపుల మీద రెండు మూడు పలచటి పొరలు వేయండి. ఎరుపు, పచ్చ ఎదురెదురు రంగులు కాబట్టి ఒకదాన్నొకటి అణచుకుని, లోపల రక్తం ఆడుతున్న గోధుమ ఛాయ వస్తుంది. నీళ్లొక్కటే పోసి పలచన చేస్తే రంగు గుంటల్లోకి జారిపోతుంది. మీడియం అయితే వేసిన చోటే నిలుస్తుంది.

అన్నింటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. చర్మం, తోలు, బట్ట మూడూ ఒకే బూడిదగా కనబడితే ఎంత మంచి పచ్చ కొన్నా ప్రయోజనం లేదు. ముందు ముదురు లేత తేడా సరిచేసుకోండి, ఛాయ సంగతి తర్వాత. ఈ నెల రాసిన జవాబులన్నిటికీ పునాది ఇదే.

ప్రశ్న: ఓర్క్ పచ్చగానే ఉండాలా? బూడిద రంగులో వేస్తే తప్పా? (బెంగళూరు)

జవాబు: తప్పేమీ కాదు. 1977లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు వచ్చిన రాక్షసాల పుస్తకంలో ఓర్క్ చర్మం గోధుమ లేదా గోధుమ కలిసిన పచ్చ. పైన నీలి నిగారింపు, ముట్టె, చెవులు గులాబీ. కళ్లు చెదిరే పచ్చ 1980లలో వార్‌హ్యామర్ అనే, బల్లమీద ఆడే యుద్ధపు ఆట బొమ్మలతో పాతుకుపోయింది. 1994లో మొదలైన వార్‌క్రాఫ్ట్ ఆటల కథలోనైతే ఓర్క్‌ల అసలు రంగు గోధుమే. క్షుద్రశక్తి సోకి పచ్చబడ్డాయి. కాబట్టి రంగు ఎంపిక మీ ఇష్టం, కాకపోతే దాని పరిణామాలు తెలిసి ఎంచుకోవాలి.

బూడిద చర్మానికి అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ) సమపాళ్లలో కలిపి తెలుపుతో లేతచేయండి. నలుపు తెలుపు కలిపిన బూడిద చచ్చినట్టుంటుంది, ఇది వేడివైపో చలవవైపో తిరుగుతూ ఉంటుంది. చిక్కేమిటంటే చర్మం బూడిద, ఇనుము బూడిద, కింద రాయి బూడిద అయితే బొమ్మ మొత్తం ఒకే ముద్ద. ఇనుముకు తుప్పు పట్టించండి, నేలకు వెచ్చటి మట్టి రంగు వేయండి. గోధుమ చర్మమైతే పోటీ తోలుతో వస్తుంది. అప్పుడు పట్టీలు, బెల్టులు బాగా నల్లగానైనా ఉండాలి, పచ్చితోలులా పాలిపోయినట్టైనా ఉండాలి. ఈ రెండూ వద్దు, పాచి రంగు చాలనుకుంటే పసుపు 2 పాళ్లలో నలుపు చిటికెడు చిటికెడుగా కలపండి. నలుపులోని నీలి గుణం వల్ల చక్కటి ఆలివ్ పచ్చ వస్తుంది.

మన కంటికి సంబంధించిన మాట ఒకటి. కథకళిలో నున్నటి పచ్చ ముఖం రాముడు, అర్జునుడు, నలుడు లాంటి ఉత్తమ నాయకులది. దక్షిణాదిలో పెరిగిన కంటికి మచ్చలేని పచ్చ ముఖంలో క్రౌర్యం కన్నా హుందాతనం ముందు తగిలే వీలుంది. అందుకని పచ్చను విరగ్గొట్టండి: దవడ మీద నీలిబూడిద, బుగ్గల మీద జేగురు, పాత గాయం మీద వెలిసిన గులాబీ.

ప్రశ్న: ముఖం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. కళ్లు, కోరలు, పెదవి ఏ వరుసలో వేయాలి? కోరలు తెల్లగా వేస్తే కట్టుడు పళ్లలా ఉన్నాయి. (తిరుపతి)

జవాబు: లోతులో ఉన్నది ముందు, పైకి ఉబికి ఉన్నది చివర. నోటి లోపల, తర్వాత కళ్లు, తర్వాత చర్మం, ఆఖరున కోరలు. చర్మం అయ్యాక కన్ను వేస్తే రెప్ప పాడవుతుంది. కన్ను ముందే వేస్తే చిందిన రంగును చర్మం రంగుతో కోసేయొచ్చు.

కంటిగుంటను ముదురు గోధుమతో నింపండి. అందులో నారింజ ఎరుపుతో అడ్డంగా ఒక చిన్న గీత. ఆరాక గీత మధ్యలో పసుపు చుక్క. అంతే. ఈ కొలత బొమ్మకు కంటి వెడల్పే అర మిల్లీమీటరు అటూ ఇటూ. అందులో తెల్లగుడ్డు, నల్లపాప వేయబోతే ఓర్క్ బెదిరిపోయి చూస్తున్నట్టు ఉంటుంది. ఎరుపు పచ్చకు ఎదురు రంగు కాబట్టి ఆ ఒక్క చుక్కే బల్ల అవతలినుంచి కూడా కనబడుతుంది. కుంచె మరీ సన్నది వద్దు. మూడు సున్నాల కుంచెలో రంగు కంటిదాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న 1 నంబరు కుంచె మేలు. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్లమీద పెట్టుకుంటే వణుకు తగ్గుతుంది.

కోర విషయానికొస్తే పాత హార్మోనియం మెట్లు గుర్తు తెచ్చుకోండి. ఆ పసుపు తిరిగిన తెలుపే కోర తెలుపు. ముందు కోరంతా రా అంబర్, ఓకర్ సమంగా కలిపిన మట్టి రంగు. చిగురు దగ్గర ఆ రంగు కనబడుతూ ఉండగా, ఎముక రంగుతో కోర పొడవునా సన్న గీతలు, కొన నుంచి మొదలు వైపు. గీతలు అన్నీ ఒకే పొడవు ఉండొద్దు. తర్వాత పైన మూడో వంతులో మాత్రం ఇంకాస్త లేత గీతలు. అచ్చ తెలుపు కొన మీద ఒక చుక్క, అంతకు మించి వద్దు. చివరికి కోర చిగురును తాకే చోట ఎర్రగోధుమతో వెంట్రుకంత గీత. కట్టుడు పళ్లలా కనబడటానికి కారణం ఆ గీత లేకపోవడమే. కోర నోట్లోంచి మొలిచినట్టు కాక, పైనుంచి అంటించినట్టు ఉంటుంది.

కింది పెదవికి మూల రంగు 2 పాళ్లు, జేగురు 1 పాలు. మధ్యలో కాస్త లేత, అంచుల్లో ముదురు. ఎండకు పగిలినట్టు రెండు నిలువు చీలికలు చాలు. అన్నీ అయ్యాక, మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) కూడా ఆరాక, పెదవి లోపలి అంచుకు, చిగుళ్లకు గ్లాస్ వార్నిష్ (మెరిసే పూత) సన్నగా తాకించండి. నోరు తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. దీన్ని ముఖమంతా పూస్తే చెమట పట్టినట్టు కాదు, లామినేషన్ చేసినట్టు ఉంటుంది.

ప్రశ్న: వాష్ (గుంటల్లోకి జారి నీడ తెచ్చే పలచటి రంగు) వేశాక నున్నటి కండల మీద టీ కప్పు అడుగు మరకల్లా వలయాలు మిగులుతున్నాయి. (రాజమహేంద్రవరం)

జవాబు: నీటి గుంట అంచుల నుంచి ముందు ఆరుతుంది. ఆరేకొద్దీ లోపలి నీళ్లు రంగును మోసుకుంటూ అంచుకు చేరతాయి, అక్కడే గీత పడుతుంది. వాష్‌లో నీళ్లు కలిపితే ఈ జబ్బు ముదురుతుంది. నీళ్లకు బదులు మ్యాట్ మీడియం సమంగా కలపండి. ఒంటిమీద ఒక్కో కండరాన్ని విడిగా తీసుకోండి, వాష్ వేసిన వెంటనే శుభ్రమైన తడి కుంచెతో ఉబ్బు మీద ఉన్నదాన్ని పీల్చేయండి. గుంటలో ఉన్నది ఉండనివ్వండి. సగం ఆరిన వాష్‌ను మాత్రం ముట్టుకోవద్దు, పొర చిరుగుతుంది.

మన ఊళ్లలో మరో కారణం బోరు నీళ్లు. ఉప్పు ఎక్కువున్న నీళ్లు ఆరితే తెల్లటి పొడలు మిగులుతాయి, ముదురు పచ్చ మీద బాగా తెలుస్తాయి. రంగు పలచన చేయడానికి ఆర్ఓ నీళ్లో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో వాడండి. కుంచె కడగడానికి బోరు నీళ్లే చాలు.

వచ్చేసిన వలయాన్ని మళ్లీ వాష్‌తో కప్పబోకండి. మూల రంగును బాగా పలచన చేసి ఆ గీత మీద రెండుసార్లు లాగితే కలిసిపోతుంది.

ప్రశ్న: 20 ఓర్క్‌ల దండు వేయాలి. అన్నీ ఒకే మూక అనిపించాలి, అచ్చు పోసినట్టు ఉండకూడదు. వార్‌హ్యామర్ 40,000 ఆట తెగల రంగులు కూడా కలపాలని ఉంది. (డల్లాస్)

జవాబు: చర్మం రంగును 15 మిల్లీలీటర్ల మూత సీసాలో ఒకేసారి కలిపి పెట్టుకోండి. మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్లీ రావడం కష్టం. 10 బొమ్మలకు ఆ రంగు అలాగే. 5 బొమ్మలకు అందులో కొద్దిగా ఓకర్, మిగిలిన 5 బొమ్మలకు కొద్దిగా నీలిబూడిద. వెలుగు రంగు మాత్రం 20 బొమ్మలకూ ఒకటే. కింద తేడా, పైన ఏకత్వం ఉంటే ఒకే గూడెం వాళ్లలా కనబడతాయి. నాయకుడి చర్మం మిగతావాటికన్నా ముదురుగా వేసి, వెలుగులు పదునుగా పెట్టండి. ఒకేసారి 20 బొమ్మలూ ముందేసుకోవద్దు, అయిదేసి చొప్పున చేయండి. ఐదోదానికి వచ్చేసరికి మొదటిది ఆరి ఉంటుంది, చెయ్యి ఖాళీగా ఉండదు.

తెగల రంగుల్లో మీరు ఎంచుకునేదాన్ని బట్టి ఇబ్బంది మారుతుంది. ఎర్ర బండి వేగంగా పోతుందని నమ్మే ఈవిల్ సన్స్ తెగది ఎరుపు. పచ్చ ఒంటి పక్కన అంతే ఘాటు ఎరుపు, అంతే మేర వేస్తే రెండూ కొట్టుకుంటాయి, కన్ను ఎక్కడా నిలవదు. ఎరుపును తగ్గించండి, లేదా గోధుమ కలిపి మురికి చేయండి, రెండింటి మధ్య నల్ల తోలు పట్టీ అడ్డం పెట్టండి. చర్మం, తోలు కలిసి పదింట ఆరు వంతులు, లోహం మూడు, తెగ రంగు ఒక్క వంతు అనే లెక్క ఈ తెగకు బాగా కుదురుతుంది.

బ్యాడ్ మూన్స్ తెగది పసుపు. పసుపు పారదర్శకమైన రంగు, నల్ల ప్రైమర్ మీద ఆరు పొరలు వేసినా ముక్కిన పచ్చలా కనబడుతుంది. కింద ఓకర్‌తోనో, లేత గులాబీతోనో ఒక పొర వేస్తే పైన పసుపు రెండు పొరల్లో నిలుస్తుంది. డెత్ స్కల్స్ తెగకు నీలం అదృష్టం. నీలం పచ్చకు పక్కింటి రంగే కాబట్టి గొడవ ఉండదు, కానీ ముదురు లేత తేడా బాగా చూపించకపోతే చర్మంలో కలిసిపోతుంది.

గాఫ్స్ తెగ నలుపు తెలుపు గళ్లు అందరూ అడిగేవే. ముందు పట్టీ అంతా ఎముక రంగు. పలచటి నలుపుతో మధ్యలో అడ్డంగా ఒక గీత, తర్వాత అంతే దూరంలో నిలువు గీతలు. గడి 1 మిల్లీమీటరు కన్నా చిన్నది వేయొద్దు. గడి విడిచి గడి నలుపు నింపండి. వంకరలను నలుపుతో దిద్దబోతే గడి పెరుగుతూ పోతుంది, ఎముక రంగుతో వెనక్కి కోయండి. చివరికి చిరిగిన స్పాంజి ముక్కను ముదురు గోధుమలో అద్ది, కాగితం మీద ఒత్తి చాలావరకు తీసేసి, అంచుల మీద తాకిస్తే రంగు పెచ్చులూడినట్టు వస్తుంది. ఓర్క్ చేత్తో గీసిన గళ్లు కాస్త వంకరగా ఉండటమే సబబు, వాటిని స్కేలు పెట్టి దిద్దకండి.

ప్రశ్న: మే నెలలో ప్రైమర్ స్ప్రే చేస్తే ఇసుక కాగితంలా వచ్చింది. వానల్లో వార్నిష్ కొడితే పాలు పోసినట్టు తెల్లబడింది. (విజయవాడ)

జవాబు: రెండూ గాలి చేసే పనులే. ఎండలో స్ప్రే తుంపర బొమ్మను చేరకముందే గాలిలో ఆరి పొడిగా పడుతుంది. తెల్లవారుజామున, నీడలో, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, బొమ్మకు ఇవతల మొదలుపెట్టి అవతల ఆపుతూ చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి. 30 డిగ్రీలు దాటితే స్ప్రే మానేసి, కుంచెతో వేసే ప్రైమర్ రెండు పలచటి పొరలు వేసుకోవడమే ఉత్తమం. డబ్బాను ఎండలో, కారులో ఉంచొద్దు, పేలుతుంది. గరుకు తక్కువగా ఉంటే మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పొడిగా రుద్దితే పోతుంది. ఎక్కువగా ఉంటే ప్లాస్టిక్ బొమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గంటసేపు నానబెట్టి బ్రష్‌తో తోమేయండి. చేతికి గ్లౌజులు ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెజిన్ బొమ్మ అయితే అరికాలి దగ్గర ముందు పరీక్షించండి, ఎక్కువసేపు నానితే మెత్తబడొచ్చు.

వానాకాలం తెల్లదనానికి కారణం పొర కింద చిక్కుకున్న తేమ. గాలిలో తేమ 70 శాతం దాటితే స్ప్రే వార్నిష్ జోలికి పోవద్దు. తెల్లబడ్డ బొమ్మ మీద కుంచెతో గ్లాస్ వార్నిష్ పలచగా ఒక పొర వేయండి, చాలాసార్లు కింది రంగు తిరిగి పైకి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, పొడి రోజున కుంచెతోనే మ్యాట్ వార్నిష్ వేయండి. మ్యాట్ సీసాను నిమిషం పాటు బాగా కుదపాలి. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని ఉంటుంది, అది కలవకపోతే ఒకచోట మెరుపు, ఒకచోట పొడ.

ప్రశ్న: బొమ్మ కింద పచ్చగడ్డి అంటిస్తే ఓర్క్ కనబడటం లేదు. ఇంకేం వేయొచ్చు? (అనంతపురం)

జవాబు: మీ ఊరి ఎర్రమట్టి ఉండగా దుకాణం దాకా పోనవసరం లేదు. పచ్చ ఒంటికి ఎర్రనేలను మించిన పీట (బొమ్మ నిలబడే అడుగు పలక) దొరకదు. మట్టిని టీ వడపోతతో జల్లించి, పాత పెనం మీద పది నిమిషాలు వేయించండి. తేమ పోతుంది, బూజు భయం ఉండదు. పీట మీద ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి పూసి, రెండు మూడు చిన్న రాళ్లు పెట్టి, మట్టి చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున బోర్లించి తట్టాక, ఫెవికాల్ 1 పాలుకు నీళ్లు 4 పాళ్లు, గిన్నెల సబ్బు ద్రవం ఒక్క చుక్క కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే ఆ నీళ్లు మట్టిలోకి ఇంకకుండా ముత్యాల్లా నిలబడి మట్టిని ఎత్తుకుపోతాయి.

జిగురు పట్టాక మట్టి రంగు ముదురుతుంది, చెడిపోయిందనుకోకండి. బాగా ఆరాక లేత ఓకర్‌ను పొడి కుంచెతో పైపైన రాయండి, రాళ్ల అంచులు తేలతాయి. గడ్డి కావాలంటే ఎండిన గడ్డి రంగువి రెండు కుచ్చులు, వాటిని కాలికి దూరంగా అంచు వైపు పెట్టండి. చివరికి అదే మట్టిని మెత్తగా నూరి, పొడి కుంచెతో ఓర్క్ పాదాలకు, బూట్ల అంచులకు అద్దండి. ఈ పని మ్యాట్ వార్నిష్ తర్వాతే చేయాలి, ముందే అద్దితే వార్నిష్ తడికి దుమ్మంతా మాయమైపోతుంది.